ముందు సీటు నాకు, వెనక సీటు ఆయనకు

ఆ ఆదివారం మా ఆయన కంచంలో ఆవకాయ ముట్టుకోలేదు. ఇదేం రోగ లక్షణం అనుకుంటారేమో. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి ఆయన. హామిల్టన్ స్టీల్ ప్లాంటులో ఇంజినీరుగా చేసినన్నాళ్ళూ లంచ్ డబ్బాలో అది లేకుండా గడప దాటలేదు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే సైకిలెక్కి చెట్ల మధ్య ట్రెయిల్ దారి చుట్టి రావడం అలవాటు. ఆ రోజూ అలాగే వెళ్ళొచ్చి, స్నానం చేసి, పప్పు కలుపుకుని తింటున్నారు. సగం తిన్నాక తలెత్తి, "పద్మా, ఆవకాయ వెయ్యలేదేం?" అన్నారు.

కంచంలో ఎడమపక్కన, ఎప్పుడూ వేసే చోటే ఉంది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారండీ, అదిగో" అన్నాను. కంచం తిప్పి చూసుకుని నవ్వారు. కానీ అన్నం కూడా ఎడమవైపు సగం అలాగే మిగిలి ఉంది, గీత గీసినట్టుగా. సాయంత్రం వంటింటి గుమ్మానికి ఎడమ భుజం రెండుసార్లు తగిలింది. మూతి అదీ వంకర పోలేదు, మాట తడబడలేదు, చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నాయి. స్ట్రోక్ అంటే అవే లక్షణాలని నాకు తెలుసు. అవేవీ లేవు కాబట్టి ధైర్యంగానే ఉన్నాను.

ఇంజినీరు కదా, ఆయన దగ్గర ప్రతిదానికీ ఓ వివరణ సిద్ధంగా ఉంటుంది. "ఎడమ కన్ను మసకబారింది. కాటరాక్ట్ అయ్యుంటుంది. మంగళవారానికి కళ్ళు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటాలే" అన్నారు. నేనూ సరేనన్నాను. వాన్ అనే ఊళ్ళో ఉండే సత్యవతి గారు పిల్లల డాక్టరుగా రిటైరయ్యారు. మా తెలుగువాళ్ళలో ఎవరికి తుమ్మొచ్చినా ఆవిడకే ఫోన్ వెళ్తుంది. ఆ రోజు మాత్రం, ఆదివారం పూట పెద్దావిణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడమని ఊరుకున్నాను. తర్వాత ఆవిడ నన్ను కడిగేశారు. "మర్యాదకు పోయి మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టావుటే?" అన్నారు.

మంగళవారం ఆప్టోమెట్రిస్ట్ ఒక్కో కన్నూ మూసి పరీక్ష చేసింది. ఎడమ కన్ను మూసినా, కుడి కన్ను మూసినా, ఆయనకు ఎడమవైపు సగం కనబడడం లేదు. ఆ అమ్మాయి లైటు ఆపేసి మా ఇద్దరికీ ఎదురుగా కూర్చుంది. "మీ రెండు కళ్ళూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఇది కంటి సమస్య కాదు. ఇంటికి వెళ్ళకుండా ఇటునుంచి ఇటే ఎమర్జెన్సీకి వెళ్ళండి" అంది. ఈయన లేచి జేబులోంచి కారు తాళాలు తీశారు. అక్కడికి వచ్చేటప్పుడు డ్రైవ్ చేసింది ఆయనే. సగం లోకం కనబడని మనిషి పక్కన సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని, కూరగాయల ధరల గురించి మాట్లాడుతూ వచ్చాను. తాళాలు లాక్కున్నాను.

సీటీ స్కాన్, తర్వాత ఎంఆర్ఐ. మెదడు వెనక భాగంలో, కుడివైపు స్ట్రోక్. "లెఫ్ట్ హోమోనిమస్ హెమియానోపియా అంటాం. కళ్ళు చూస్తున్నాయి, ఎడమవైపు దృశ్యాన్ని అందుకునే చోటు దెబ్బతింది" అన్నాడు న్యూరాలజిస్ట్. ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఆదివారం అన్నాను. అతను, "ఆదివారమే వచ్చుంటే క్లాట్‌ని, అంటే రక్తం గడ్డని, కరిగించే మందు ఇవ్వొచ్చేమో చూసేవాళ్ళం" అన్నాడు. మందలించలేదు. మందలించి ఉంటే బాగుండేదనిపించింది.

గుండె కొట్టుకోవడాన్ని రోజంతా నమోదు చేసే హోల్టర్ మానిటర్ పెడితే అసలు సంగతి బయటపడింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అక్కణ్ణుంచే క్లాట్ పైకి వెళ్ళింది. జీవితాంతం బ్లడ్ థిన్నర్, అంటే రక్తం గడ్డకట్టనివ్వని మందు, వాడాలన్నారు. డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అయింది. ఆ సెప్టెంబరుకు బుక్ చేసుకున్న ఫ్రాన్స్ ప్రయాణం నేనే క్యాన్సిల్ చేశాను.

ఫ్రాన్స్ అంటే మా ఆయనకు ఈఫిల్ టవర్ కాదు. లువార్ నదికి దక్షిణంగా పెద్ద పెద్ద అడవులున్నాయి. వాటి మధ్య కార్లు పెద్దగా తిరగని సన్నటి తారు రోడ్లు, రోడ్డు చివర ఎప్పటివో రాజుల కోటలు. ఆ రోడ్ల మీద మెల్లగా సైకిల్ తొక్కుకుంటూ కోట నుంచి కోటకు పోవాలని ఆయన కోరిక. స్టీల్ ప్లాంటు రొదలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి నిశ్శబ్దాన్ని కోరుకున్నాడు, అంతే. గోడకు ఆయన అంటించుకున్న ఆ రోడ్ల మ్యాపు మాత్రం తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

ఆ వేసవంతా ఆయన కుంగిపోయారు. తెలుగు నవల చేత్తో పట్టుకుంటే ప్రతి పంక్తీ మధ్యలోంచి చదివేవారు. "ఈ రాసినవాడికి మతి పోయినట్టుంది" అని పక్కన పడేసేవారు. నేనేమో జాలితో అన్నీ కుడివైపే అమర్చాను. టీ కప్పు, రిమోట్, ఫోన్, మందులు, చివరికి నా కుర్చీ కూడా. రోజువారీ పనులు మళ్ళీ నేర్పడానికి ఇంటికి వచ్చిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గదంతా చూసి, "ఇవన్నీ కుడివైపు ఎవరు పెట్టారు?" అంది. మెచ్చుకుంటుందనుకుని నేనే అన్నాను. "అన్నీ ఎడమకి మార్చండి. మీరూ ఎడమకే మారండి. ఆయన తల తిప్పి వెతకాలి. మీరు కుడివైపు ఉన్నంతకాలం ఆయన మెదడు ఎడమ అనేది ఒకటుందని మరిచిపోతుంది" అంది. పుస్తకం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించి, ప్రతి పంక్తికీ ఆ ఎరుపు కనబడేదాకా తల తిప్పమంది.

మార్చాను. టీ ఒలికింది, కప్పు పగిలింది, చెయ్యి కాలింది. "నన్ను ఏడిపించాలనేనా?" అని అరిచారు. "అవును, అందుకే" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి నేనేడ్చాను. మర్నాడు కప్పు మళ్ళీ ఎడమకే పెట్టాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండిదాని గురించి ఎవరూ చెప్పలేదు.

ఆకులు రాలేవేళకు పుస్తకం సాఫీగా చదవసాగారు. ఆ ఉత్సాహంలోనే, నేను యూనివర్సిటీ లైబ్రరీలో డ్యూటీలో ఉండగా, గరాజ్‌లోంచి సైకిల్ తీశారు. డ్రైవ్‌వే చివర ఎడమపక్క మా రీసైక్లింగ్ డబ్బా ఉంది. దాన్ని గుద్దుకుని రోడ్డు మీద పడ్డారు. హెల్మెట్ పగిలింది. బ్లడ్ థిన్నర్ మీదున్న మనిషి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం కావచ్చని నాకు డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు. ఎదురింటావిడ ఫోన్ చేస్తే ఉన్నపళంగా బయల్దేరాను. మళ్ళీ సీటీ స్కాన్. "బ్లీడ్ లేదు. ఈసారి అదృష్టం. ఒంటరిగా సైకిల్ మాత్రం ఎక్కొద్దు" అంది ఎమర్జెన్సీ డాక్టర్. ఇంటికొచ్చి ఆయన గోడ మీది మ్యాపు తనే చింపేశారు. ఆ రోజు నాకు ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. స్ట్రోక్ వచ్చిన రోజు కూడా అంత కోపం రాలేదు.

ఆరు నెలలయ్యాక న్యూరో ఆఫ్తాల్మాలజిస్ట్ మళ్ళీ చూపు మేర కొలిచే విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేశారు. కాగితం మీద ఎడమ సగం నల్లగానే ఉంది. "ఇక చూపు పెద్దగా తిరిగి రాకపోవచ్చు. తల తిప్పడం మాత్రం మానకండి" అన్నారు. మా ఆయన కళ్ళు దించుకున్నారు. అడగవలసింది నేనే అడిగాను.

"సైకిల్ సంగతేంటి డాక్టర్?"

"ఒంటరిగా అయితే వద్దు. టాండెం ఎప్పుడైనా ఆలోచించారా?"

టాండెం అంటే ఇద్దరు తొక్కే పొడవాటి సైకిల్. హ్యాండిలూ, గేర్లూ, బ్రేకులూ అన్నీ ముందు సీటు వాళ్ళ చేతిలో. వెనకవాళ్ళు తొక్కడమే. ఇంటికొచ్చే దారిలో, హైవే మీద, నేను కారు నడుపుతుంటే ఆయన పక్కన కూర్చుని, "నువ్వు ముందు, నేను వెనకా?" అన్నారు. మాకు పెళ్ళైన నాటినుంచీ ఎక్కడికెళ్ళినా ముందు ఆయన, వెనక నేను. దారి చూడ్డం ఆయన పని. ఆయన వీపు చూసుకుంటూ వెళ్ళడం నా పని. ట్రెయిల్ మీద కూడా అంతే. నాకు ఒక్క మలుపు గుర్తుండదు.

"ఇక్కడా, ఫ్రాన్స్‌లోనూ కార్లన్నీ ఎడమనుంచే దాటిపోతాయి. నాకు కనబడని వైపు. పోనీ ఇండియా వెళ్దాం పద్మా, అక్కడ కుడినుంచి దాటతాయి" అన్నారు.

"అక్కడ నాలుగు వైపులనుంచీ దాటతాయి. నోర్మూసుకుని వెనక కూర్చోండి" అన్నాను. చాన్నాళ్ళకు నవ్వారు.

సైకిల్ షాపతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు. బరువున్నవాళ్ళు ముందు కూర్చోవడం తేలికట, మాది తలకిందులు. ఆయన ఆరడుగుల మనిషి, నేను ఆయన భుజానికొస్తాను. సెకండ్‌హ్యాండ్ టాండెం తెచ్చుకుని, మంచు కరిగాక ఖాళీ పార్కింగ్ లాటులో మొదలుపెట్టాం. రెండుసార్లు పక్కకు ఒరిగాం, గడ్డి మీదే. వెనకనుంచి ఒకటే నస. "గేర్ మార్చు. బ్రేక్ ఎందుకు? కుడికి పో." ఒకరోజు సైకిల్ ఆపి దిగి, "ఇదిగో, మీరు మాట్లాడొచ్చు. కానీ ఎడమవైపు ఏముందో అది మాత్రమే చెప్పండి. కుడివైపు నేను చూసుకుంటాను" అన్నాను. థెరపిస్ట్ నేర్పినట్టు నాలుగైదు తొక్కుళ్ళకోసారి తల ఎడమకి తిప్పి, "ఎడమ, ఏం లేదు", "ఎడమ, కారు" అనడం మొదలుపెట్టారు. జపంలా సాగేది.

నార్త్ యార్క్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి శ్రేయకు ఇది అసలు నచ్చలేదు. "అమ్మా, హీ ఈజ్ ఆన్ బ్లడ్ థిన్నర్స్. వై కాంట్ యూ జస్ట్ గో టు నయాగరా?" అంది.

"నయాగరా మీ నాన్న వందసార్లు చూశారు. డాక్టర్ సరేనన్నారు, ఇన్సూరెన్స్ తీసుకున్నాం, మందుల వివరాలు ఇద్దరి జేబుల్లోనూ ఉంటాయి. ఇంకేం కావాలి?" అన్నాను. తర్వాత అదే కొత్త హెల్మెట్లు రెండు పంపింది.

మరుసటి సెప్టెంబరులో వెళ్ళాం. అక్కడే అద్దెకు తీసుకున్న టాండెం మీద రోజూ కొంచెం దూరం. ఓక్ చెట్లు, వాటి మధ్య చిన్న చిన్న చెరువులు. చైను చప్పుడూ, వెనకనుంచి "ఎడమ, ఏం లేదు" తప్ప ఇంకేం వినబడదు. ఊళ్ళలో బేకరీ మధ్యాహ్నానికి మూసేస్తారు. మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందంటే ప్రతి ఊళ్ళోనూ శ్మశానం చూపిస్తారు. అక్కడి సైకిల్ వాళ్ళందరూ అక్కడే పట్టుకుంటారట. శ్మశానం నీళ్ళేంటని నేను మొరాయించాను. మా ఆయన వెళ్ళి సీసాలు నింపుకుని తాగి, "చల్లగా ఉన్నాయి" అన్నారు. దాహం ఆగక నేనూ తాగాను.

మూడో రోజు దారి తప్పించాను. ఒక చోట అడవి రోడ్లు ఆరేడు వచ్చి కలుస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. వెళ్ళాల్సిన కోట ఎటో తెలియదు, అడగడానికి మనిషి లేడు. ఒక రోడ్డు పట్టుకుని కొంత దూరం పోయి ఆగాను. ఆయన ముందుండి ఉంటే ఇలా అయ్యేది కాదు, నావల్ల కాని పని నెత్తికెత్తుకున్నాను అనిపించింది.

"వెనక్కి తిప్పు. ఇందాక చెట్ల కింద తెల్ల స్తంభం ఉంది. దాని మీద మన కోట పేరు రాసి బాణం గుర్తు వేసుంది" అన్నారు ఆయన.

"ఎటువైపు?"

"ఎడమవైపు."

నమ్మలేదు. నిజం చెప్తున్నాను, నమ్మలేదు. ఆ దారినే వచ్చాను నేను, రెండు వైపులా కనబడే కళ్ళతో. "మీకు ఎడమవైపు ఎలా కనబడిందండీ?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"తల తిప్పాను" అన్నారు.

సైకిల్ తిప్పి వెనక్కి తొక్కాం. ఫెర్న్ ఆకుల్లో సగం మునిగి, తెల్ల స్తంభం ఉంది. నల్లక్షరాలతో కోట పేరుంది. నేను దిగి దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఎందుకేడుస్తున్నావని ఆయన అడగలేదు. సీసా అందించారు.

ఆ రోడ్డు చివర చెట్లు తొలగిపోయి, నీళ్ళ అవతల కోట కనబడింది. బూడిదరంగు బురుజులు, నల్లటి పైకప్పులు. నేను ఒక్క చూపులో చూసేశాను. ఆయన తల పూర్తిగా ఎడమకి తిప్పి, ఆ చివరి బురుజు దగ్గర మొదలుపెట్టి, మెల్లగా కుడికి వచ్చారు. మళ్ళీ ఎడమకి వెళ్ళారు. చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు.

ఇప్పుడు మేమిద్దరం బాగున్నాం. విజువల్ ఫీల్డ్ టెస్ట్‌లో ఆ నలుపు అలాగే ఉంది. లైసెన్స్ రాలేదు, రాదు కూడా. పొద్దునా సాయంత్రం బ్లడ్ థిన్నర్, ఆర్నెల్లకోసారి కార్డియాలజిస్ట్. హైవే మీద నేను నడుపుతాను, జనంలో ఆయన ఎడమ భుజం ఇంకా ఎవరికో తగులుతుంటుంది, "సారీ" చెప్పుకుంటూ పోతాం. ఆదివారాలు టాండెం బయటికి తీస్తాం. ముందు సీటు ఇక నాదే. ఆయన అడిగినా ఇవ్వను.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. చూపులో ఉన్నట్టుండి ఏ తేడా వచ్చినా, నొప్పి లేకపోయినా, మూతి వంకర పోకపోయినా, కళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళకండి. అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చెయ్యండి. మీ పక్కనున్న మనిషి ఏం లేదంటాడు, ఆదివారం అంటాడు, అందరినీ కంగారు పెట్టకంటాడు. ఆయన్ని అడగకండి. ఫోన్ చెయ్యండి.