దస్తీ కూర్చోదు

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి ఒక చేతిరుమాలు, ఇక్కడి మాటలో దస్తీ, ఎగిరొచ్చి మూడో వరుస సీటు మీద పడింది. విసిరినవాడు ఆత్మారాం, గంజ్‌లో పసుపు దళారీ. సీటు తనదైపోయిందన్న ధీమాతో చాయ్ తాగడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఆ సీట్లో ఒక బక్కపలుచని పిల్ల కూర్చుని ఉంది. దస్తీని చక్కగా మడతపెట్టి కిటికీ అంచు మీద పెట్టింది.

పక్క సీట్లో వసంతమ్మ. డెబ్బై దాటిన మనిషి. బోధన్‌లో వాళ్ళ గల్లీలో ఆమె నోటికి ఎదురులేదు. రెండో తరగతితో బడి వదిలేసింది. బడి తనకు సరిపోలేదంటుందే గాని తాను బడికి సరిపోలేదని ఏనాడూ ఒప్పుకోదు. కొట్లాట వాసన తగలగానే ఒళ్ళోని సంచి కింద పెట్టి, కొంగు సర్దుకుని, వినడానికి సిద్ధమైంది.

"లే అమ్మా. గది నా సీటు. దస్తీ ఏసిన."

"నేను కూర్చున్నాను," అంది ఆ పిల్ల.

"కూసున్నవ్, కనబడుతుంది. నేను ముందుగాల వచ్చిన, దస్తీ ఏసిన, జర చాయ్ తాగనీకి పోయిన. ఎందుకంటే బస్సు ఎల్లనీకి ఇంకా టైం ఉండె. అయితే మాత్రం సీటు నాది కాకుండ పోతదా?"

"నేను కూర్చున్నాను."

"అరె! పైసలు పెట్టినోళ్ళు నిలబడాలె, ఫిరీగ జీరో టికెట్ మీదొచ్చే ఆడోళ్ళు కూసోవాలెనా?"

"అవును."

బస్సంతా నవ్వింది.

"మరి నా దస్తీ?"

"దస్తీ కూర్చోదు," అని దాన్ని తీసి అతని చేతిలో పెట్టింది.

ఎడపల్లి దాకా ఆత్మారాం ఎందుకంటే, అయితే, కాబట్టి అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత అదే దస్తీతో మొహం తుడుచుకుని, కడ్డీ పట్టుకుని గమ్మున నిలబడ్డాడు.

వసంతమ్మకు కడుపు నిండిపోయింది. కొట్లాటలు ఎన్నో గెలిచింది గాని ఇంత తక్కువ ఖర్చుతో గెలవడం ఎన్నడూ చూడలేదు.

"గీ ఇద్దె యాడ నేర్చినవ్ బిడ్డా?"

"ఇంగ్లీషు పాఠాలు చెబుతాను అవ్వా. మీరు విన్నది సింపుల్ సెంటెన్స్. చేసే మనిషి ఒకరు, చేసే పని ఒకటి. అవతలివాడు పట్టుకుని గుంజడానికి కొస దొరకదు."

ఆ పిల్ల పేరు బిందుమాధవి. వర్ని దిక్కు కాలువ కింద ఒక క్యాంపులో పుట్టింది. క్యాంపు అంటే గుడారాలేమీ కాదు. నిజాంసాగర్ నీళ్ళు చూసుకుని కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళు కట్టుకున్న ఊళ్ళకు ఇక్కడ ఆ పేరే. ఇంట్లో నేర్చిన "వెళ్ళాను" బళ్ళో అంటే తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. బళ్ళో నేర్చిన "పోయిన" ఇంట్లో అంటే తాత బ్రహ్మానందం నవ్వేవాడు. రెండు దిక్కులా నవ్వులపాలు కావడం ఇష్టంలేక ఆ పిల్ల చిన్నప్పుడే మాటలు పొదుపు చేసుకుంది. ఇంగ్లీషు ఎందుకు నచ్చిందే అని వసంతమ్మ అడిగితే, "అది మా క్లాసులో అందరికీ సమానంగా రాదు అవ్వా," అంది.

బస్సు దిగేలోపే వసంతమ్మ తన ఇంటి ముందుగది కిరాయికి ఖాళీగా ఉందని చెప్పేసింది. వారం తిరగకుండా బిందుమాధవి ఆ గదిలో దిగింది. పెరుగన్నం తప్ప వంట రాదు, ఉతికిన బట్టలు తీగ మీదే మరచిపోతుంది, పాఠం చెప్పమంటే మాత్రం అన్నం మరచిపోతుంది. వసంతమ్మ పొద్దున లేచింది మొదలు ఆ పిల్లను తిడుతూనే ఉంటుంది, రాత్రి కూర గిన్నె మాత్రం తనే తీసుకెళ్ళి ఇస్తుంది.

ఈ ఎండాకాలం బోధన్‌లో బిందుమాధవి పనిచేసే చిన్న బడి మూతపడింది. నిజామాబాద్‌లో ఒక పెద్ద బడివాళ్ళు డెమో క్లాసు చెప్పమన్నారు. ఎనిమిదో తరగతికి, వాక్యాల రకాలు. ఆ కొలువు దొరకకపోతే హైదరాబాద్‌లో ఏదో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా పోవాల్సిందే. అక్కడ గేటు తాళం వెయ్యడం, తియ్యడం తప్ప పాఠం మాటే ఉండదు.

డెమో నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా గడప మీద కూలబడింది.

"ఏమైంది బిడ్డా?"

"పిల్లలు ఆవలించారు."

"పిల్లలన్నంక ఆవలించరా?"

"కరస్పాండెంట్ కూడా ఆవలించారు. శుక్రవారం ఇంకోసారి రమ్మన్నారు. అదే పాఠం. అదే ఆఖరు."

మర్నాడు పొద్దున్నే అదే గల్లీలోని పోశన్న, చెరకు తోటకు తోలే పెంట ట్రాలీని తెచ్చి వసంతమ్మ గేటు ముందు నిలిపాడు. బిందుమాధవి లోపల బోర్డు ముందు కూర్చుని పాఠం అప్పగించుకుంటోంది. బయట వసంతమ్మ నడుముకు కొంగు చుట్టింది.

"నీ ట్రాలీ కంపు కొడుతుంది పోశన్నా!"

"జర ఆగు పెద్దవ్వా, డ్రైవర్ రాలే."

"నువ్వు ట్రాలీ తియ్, నేను నోరు మూస్త."

"నువ్వా? నోరా?" అని పోశన్న నవ్వాడు.

"మంచిది. నువ్వు తియ్యకపోతే మాత్రం…" అని వసంతమ్మ అక్కడే ఆపి, అతని కళ్ళలోకి చూసింది.

పోశన్న నవ్వు ఆరిపోయింది. చేతిలో బీడీ పారేసి, తనే ఎక్కి ట్రాక్టర్ తిప్పుకుని పోయాడు.

బిందుమాధవి చేతిలో మార్కర్‌తో పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! మొదటిది సింపుల్. రెండోది కాంపౌండ్. యు మూవ్ ద ట్రాలీ, అండ్ ఐ విల్ షట్ మై మౌత్. రెండు ముక్కలు, నడుమ అండ్ అనే ముడి. ముడి విప్పినా దేనికది నిలబడుతుంది."

"నేను నోరు మూస్త అన్నది నిలబడలే బిడ్డా. వాడు నమ్మలే."

"మూడోది మాత్రం సగమే."

"నా మాట సగమా?" వసంతమ్మకు ఎక్కడో కాలింది.

"ఇఫ్ యు డోంట్ మూవ్ ద ట్రాలీ అని ఆపేస్తే వాక్యం కాదు అవ్వా. తర్వాతి ముక్క కూడా చెబితేనే కాంప్లెక్స్ సెంటెన్స్. ఇఫ్, వెన్, బికాజ్ తగిలిన ముక్క ఒంటరిగా నిలబడలేదు."

"నిలబడకపోతే వాడెందుకు ఉరికిండు?"

బిందుమాధవి మార్కర్‌కు మూత పెట్టింది. "మిగతా సగం ఆయన భయమే పూర్తి చేసుకుంది," అని, "ఇంతకీ ఆ సగం ఏమిటి అవ్వా? తియ్యకపోతే ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది.

"నాకేం ఎర్క? నేనెన్నడు అంతదాక పోలే."

ఇద్దరూ గేటు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక వసంతమ్మ మూతి తుడుచుకుంటూ, "డ్రైవర్ రాలేదని వాడు ట్రాలీ ఈడ పెట్టిండు, గని కంపు నా ఇంట్లకొచ్చె," అని గొణిగింది.

"కాంపౌండ్-కాంప్లెక్స్! రెండు రకాలూ ఒకే వాక్యంలో!" అని ఆ పిల్ల ఎగిరి చప్పట్లు కొట్టింది. పిల్లలు కూడా ఎక్కువగా జారిపడేది అక్కడేనట.

ఆ సాయంత్రం కూర గిన్నె పట్టుకెళితే బిందుమాధవి దాన్ని అందుకోలేదు. "అవ్వా, శుక్రవారం నాతో నిజామాబాద్ రావాలి. క్లాసులో కుర్చీ వేస్తాను. మీరు దాని మీద దస్తీ వేసి బయటికి పోవాలి. నేను కూర్చుంటాను. మీరొచ్చి నాతో కొట్లాడాలి. మీరన్న ప్రతి మాటా పిల్లలు ఇంగ్లీషులో బోర్డు మీద పెడతారు."

వసంతమ్మ వెన్ను నిటారుగా అయింది. "కొత్త దస్తీ కొనాలె. పోచంపల్లి చీర కట్టుకుంట. ఆ కరస్పాండెంట్ ఆవలిస్తే వానితోని గూడ కొట్లాడాలెనా?"

"వద్దవ్వా! నాతో మాత్రమే."

"ఏడుస్తవ్ బిడ్డా, ఆలోచించుకో."

బిందుమాధవి చేతులు నలుపుకుంది. "అదే అవ్వా… ఎందుకంటే పొట్టి వాక్యానికి ఎంత బలముందో పిల్లలు కళ్ళారా చూడాలంటే, మీరు పొడుగ్గా మాట్లాడుతుంటే నేను పొట్టిగా జవాబిస్తూ, చివరికొచ్చేసరికి, మీరు తప్పుగా అనుకోకపోతే…"

"కొసలు దొరుకుతున్నయ్ పంతులమ్మా. పొట్టిగ చెప్పు."

ఆ పిల్ల కూర గిన్నె అందుకుని, తల వంచుకుని చెప్పింది.

"మీరు ఓడిపోవాలి."