బలం గోలీ

మా పాపకు ఫిట్స్ గోలీలు మొదలుపెట్టిన రోజే వాటి పేరు మార్చేశాను. బలం గోలీ అన్నాను. మడికొండలో మా కాలనీవాళ్లకూ, చర్చిలో అడిగినవాళ్లకూ, నెక్కొండ నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తమ్మకూ, చివరికి తొమ్మిదేళ్ల పాపకూ అదే చెప్పాను. పడిపోయింది నీరసంతోనని నమ్మించాను. నిజం తెలిసింది నాకూ, మా ఆయనకూ మాత్రమే. ఆడపిల్లకు ఫిట్స్ అని నలుగురి నోళ్లలో పడితే ఎలా అని నా భయం.

గోలీలతో ఫిట్స్ ఆగాయి. పిల్ల మాత్రం మారిపోయింది. అంతకుముందు నా ఒళ్లో ముడుచుకు పడుకునేది, ఇప్పుడు జడ వేస్తుంటే దువ్వెన లాక్కుని నేలకు కొట్టేది. ఓ రోజు వాళ్ల నాయనమ్మ ఇంకాస్త పప్పు వేయబోతే గిన్నె విసిరేసింది.

"బలం గోలీలు మింగి మింగి దీనికి బలుపెక్కింది" అంది అత్తమ్మ, చీర మీద పప్పు దులుపుకుంటూ.

నాకు నవ్వాగలేదు. మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ తర్వాత పాప ఎప్పుడు అరిచినా ఇంట్లో అదే మాట. నవ్వి ఊరుకున్నా బాగుండేది. కొట్టాను కూడా. అట్లకాడ చేతిలో ఉంటే దాంతోనే. కొట్టాక ఏడుపు ఆగకముందే గోలీ, గ్లాసెడు నీళ్లు చేతికిచ్చి, నా అంత జాగ్రత్తగల తల్లి ఉండదనుకునేదాన్ని. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొన్నాళ్లకు పాప మెత్తబడింది. మళ్లీ ఒళ్లోకి వచ్చింది. దెబ్బలకు దారికొచ్చిందని మురిసిపోయాను.

ఆ ఆదివారమే, చర్చిలో ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటూ మెట్ల దగ్గర పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. అందరూ చూశారు. దవాఖానకు ఎత్తుకుపోయాం.

"గోలీలు సరిగ్గ ఏస్తున్నరా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్క పూట తప్పలేదు మేడమ్. నా చేతులతోనే ఇస్త" అన్నాను, గొప్పగా.

మంచం మీది నుంచి పాప గొంతు వినిపించింది. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. "నేను మింగుతలేనమ్మా. నాలుక కింద పెట్టుకొని బాత్రూంల ఉమ్మేస్తున్న. బలం తగ్గితే బలుపు తగ్గుతది గద."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని. "కొందరు పిల్లలకు ఈ గోలీతోని చిరాకు, కోపం పెరుగుతయమ్మా. మార్పు కనవడితే రమ్మని మొదట్లనే చెప్పిన గద? వేరే మందు ఉంటది, మెల్లగ మారుద్దాం. కానీ మనంతట మనమే బంద్ చేయొద్దు, ఫిట్స్ తిరగబెడ్తయి" అంది.

చెప్పింది నిజమే. మొదటిసారి గోలీలు రాసిచ్చిన రోజు నేనే వినలేదు. బయట బెంచీల మీద మాకు తెలిసినవాళ్లెవరైనా కూర్చున్నారేమోనని తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ ముందే పాపను కూర్చోబెట్టి చెప్పాను. "ఇవి బలం గోలీలు కావు బిడ్డా. ఫిట్స్ గోలీలు. నీకొచ్చిన కోపం ఆ గోలీతోని వచ్చింది. నీ తప్పు లేదు."

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పాప నా దగ్గరికి జరిగింది.

"మరి నన్ను కొట్టినప్పుడు నువ్వు ఏం గోలీ ఏసుకున్నవమ్మా?"

వెక్కిరింపు కాదు. నేనూ ఏదో గోలీ మింగే ఉంటానని, దాన్ని కూడా డాక్టరమ్మ మారుస్తుందని, ఆశగా నా మొహంలోకి చూసింది.