పప్పుకి దాచిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పప్పుకి ఒక నీళ్ళు, మనుషులకి ఒక నీళ్ళు ఉండేవి. నవ్వకండి. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతే ఆ రోజుల్లో ఇంటింటా ఇదే తీరు. ఎండాకాలం కాలవలకి నీళ్ళు ఆపేసేవారు. పెరట్లో బావి ఉండేది కానీ అందులోవి ఉప్పునీళ్ళు. వాటితో కందిపప్పు పొద్దుటినుంచి సాయంత్రందాకా పొయ్యి మీద పెట్టినా గులకరాళ్ళలాగే ఉండేది. అందుకని దూరాన ఉన్న మంచినీళ్ళ చెరువు నుంచి మోసుకొచ్చిన రెండు బిందెల్లో ఒకటి తాగడానికి, ఒకటి వంటకి. ఒంటికీ, ముఖానికీ, బట్టలకీ బావినీళ్ళే. ఆ నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం, మా చర్మాలు మొద్దుబారిపోయాయి. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు వేసవిలో మా అక్క తొలికానుపుకి వచ్చింది. అక్కని కొత్తపేట వైపు ఇచ్చేరు. అక్కడ బావినీళ్ళు కూడా తియ్యగా ఉంటాయి. ఊడ్పులకీ కోతలకీ ఎండలో తిరిగిన పిల్ల, తన ముఖాన్ని తను ఏనాడూ పట్టించుకుని ఎరగదు. కడుపుతో ఉన్నాక బుగ్గల మీద మంగు వచ్చింది. అది చాలామందికి వచ్చేదే. కానీ మా ఇంటికొచ్చిన కొద్దిరోజులకే ఆ ముఖం ఎర్రగా కంది, పొట్టు రేగి, ముట్టుకుంటే ఇసకకాయితంలా తయారైంది.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఒక మాట ఉండేది. ముఖం నల్లబడింది కాబట్టి మగపిల్లాడే అని ఒకరు, కాదు, ఆడపిల్లే, తల్లి అందం లాగేసుకుంటోందని ఇంకొకరు. పక్కింటి అత్తయితే వీధిలోంచే కేకేసేది.

"ఏమే, మీ ఆయనొస్తే నిన్ను గుర్తుపడతాడంటావా, లేకపోతే మేం చెప్పాలా?"

అక్క నవ్వేది. నవ్వి లోపలికొచ్చి, ఆ రోజుకింక బయటికి వచ్చేది కాదు. ఆదివారం ప్రార్థనకి రావడం కూడా మానేసింది.

ఎవరేం చెబితే అది ముఖానికి రాసేది. పసుపూ నిమ్మరసమూ రాసింది. శనగపిండి పెట్టి గట్టిగా నలిచింది. ఒంటిసబ్బు అయిపోతే బట్టలసబ్బుతో తోమింది. రాసినప్పుడల్లా మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. నేను అక్క పక్కనే పడుకునేదాన్ని. తాటాకు విసనకర్రతో అక్క ముఖానికే విసురుకుంటూ ఉంటే ఉక్కకి అనుకున్నాను.

పోనుపోను తిండి తగ్గించేసింది. అన్నం కంచంలో కెలికి లేచిపోయేది. నర్సమ్మ వచ్చి పొట్ట చూసి, నెలలకి తగ్గట్టు బిడ్డ ఎదగడం లేదు, ఈ పిల్ల తినాలి అని అమ్మతో గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆ రోజునుంచి అమ్మ పని చేస్తూ చేస్తూ ఆగి అక్క గది వైపు చూసేది. నాకు కానుపు గురించి ఏం తెలుసు? కానీ అమ్మ చూపు చూస్తే భయమేసేది. అక్కకేమన్నా అవుతుందని ఒక భయం, అడిగితే నిజంగానే అవుతుందని ఇంకో భయం.

ఇంతలో బావగారు వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వస్తున్నారని కబురొచ్చింది. గాజులమ్మే ఆవిడ దగ్గర తెల్లబడే క్రీముందిట. అది కొంటేనేగాని ఆయన ముందుకి రానని అక్క తలుపు వేసుకుంది. డబ్బా మీద ఏం రాసుందో చదివే మనిషి మా ఇంట్లో లేడు. నాకే అక్షరాలు వచ్చింది నా పిల్లల పెళ్ళిళ్ళయ్యాక. అమ్మ ఏమీ ఆలోచించకుండా గుడ్లు పెట్టే కోడిపెట్టని ఇచ్చేసి ఆ డబ్బా తీసుకుందామని నిశ్చయం చేసుకుంది.

మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, అప్పటిదాకా ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని, చేతి వెనకభాగం దాని బుగ్గకి ఆనించి ఒక్కటే అడిగింది.

"మండుతోందా?"

అక్క బావురుమంది. ఇన్ని రోజులూ అందరూ నల్లబడిందేమని అడిగినవాళ్ళేగాని, మండుతోందా అని అడిగినవాళ్ళు లేరు. పక్కలో పడుకున్న నేనూ అడగలేదు. ఎప్పటినుంచి అని మామ్మ అడిగితే, ఇక్కడికొచ్చినప్పటినుంచే అంది. మామ్మ లేచి పెరట్లో బావి వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

మర్నాడు అమ్మ కూలికెళ్ళగానే మామ్మ వంటబిందె అక్క దగ్గర పెట్టించింది. నన్ను పళ్ళెం పట్టుకోమంది. మంచినీళ్ళు చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తూ అక్క ముఖం కడిగింది. రుద్దలేదు. పాత పంచె గుడ్డతో అద్దింది, అంతే. "నోరెత్తేవంటే చూడు" అని నాకు వేలు చూపించి, పప్పుకుండలో బావినీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇదేం పప్పే! పళ్ళు ఊడిపోతాయి."

అమ్మ వేలితో నొక్కి చూసింది. "అత్తయ్యా, బావినీళ్ళు పోసేరా?"

"ఆయ్, పోసేను."

"మరి మంచినీళ్ళు?"

"నీ కూతురు ముఖం కడిగేను."

నాన్నకి కోపం నషాళానికి ఎక్కింది. ఊరంతా గొంతు తడుపుకోడానికి నీళ్ళు లేక అల్లాడుతుంటే ముఖాలకి పోస్తావా అని కంచం తోసేశాడు. మామ్మ కదల్లేదు. కంచం మళ్ళీ ఆయన ముందుకి జరిపింది.

"ఆ నీళ్ళకి పప్పు ఉడకదని తెలిసి, పప్పుకి మంచినీళ్ళు పోస్తున్నాం కదరా. ఆ ఉప్పునీళ్ళే పచ్చిపుండులాంటి ముఖానికి పోసి, దాని మీద నిమ్మరసం పిండి, అది ఎందుకు మానటం లేదని అడుగుతున్నాం. నీ కూతురు పప్పుపాటి చెయ్యదా?"

నాన్న ఆ గులకరాళ్ళ పప్పే నమిలి నమిలి తినేసి లేచాడు.

మర్నాటినుంచి మా ఇంట్లో పప్పు లేదు. ఎండుచేపలు, పచ్చడి, చారు. అక్కకి మాత్రం గుడ్డు. కోడిపెట్ట ఇంట్లోనే ఉండిపోయింది. క్రీము వద్దని మామ్మ తెగేసి చెప్పింది, అందులో ఏముందో తెలీనిది కడుపుతో ఉన్నదాని ముఖానికి పూయడమేమిటని. సబ్బు లేదు, పసుపు లేదు, నిమ్మకాయ లేదు. పొద్దునా సాయంత్రం మంచినీళ్ళు, పొద్దుపోయాక ఇంట్లో కాచిన కొబ్బరినూనె ఒక్క చుక్క, ఎండలోకి వెళ్ళాల్సొస్తే తల మీద తాటాకు గొడుగు. ముఖం కడిగిన నీళ్ళు పళ్ళెంలో పట్టి నేను తోటకూర మడిలో పోసేదాన్ని. ఆ కూర మళ్ళీ అక్కే తినేది. మంట తగ్గేకొద్దీ నిద్ర పట్టింది, నిద్ర పట్టాక ఆకలేసింది. అమ్మ మాత్రం రోజూ అక్క కంచం చూస్తూనే ఉండేది, ఖాళీ అయితే ఒకసారి, మిగిలితే పదిసార్లు.

బావగారొచ్చే ఆదివారం చెరువు అడుగంటింది. నాన్న తెచ్చింది ఒక్క బిందె. తాగడానికి తీసిపెట్టగా మిగిలిన నీళ్ళు పప్పుకి పోస్తే ముఖానికి ఉండవు, ముఖానికి పోస్తే పప్పుకి ఉండవు. అల్లుడికి పప్పు లేకుండా అన్నం పెడితే ఎంత తలవంపో మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అమ్మ ఆ బిందె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అమ్మ గిరుక్కున తిరిగి అక్క గదిలోకి వెళ్ళింది.

బావగారు విస్తరి ముందు కూర్చుని అటూ ఇటూ చూశారు.

"పప్పు చెయ్యలేదేంటి అత్తయ్యా?"

అప్పుడు తలుపు వెనకనుంచి అక్క వచ్చింది. కొంగు ముఖం మీద లేదు. మంగు ఎక్కడిది అక్కడే ఉంది. పొట్టు, ఎరుపు మాత్రం పోయాయి.

"పప్పు నీళ్ళు నా ముఖానికి పోసేరండీ. ఇప్పుడు మండటం లేదు" అంది.

ఆయన తలెత్తి కాసేపు చూశారు. ఏమనుకున్నారో నాకు తెలీదు, ఎప్పుడూ చెప్పలేదు. "పులుసు వెయ్యి" అన్నారు. రెండోసారీ అక్క చేత్తోనే వేయించుకున్నారు.

అక్కకి బిడ్డ చిన్నగానే పుట్టింది కానీ గట్టిగా ఏడ్చింది. మంగు మర్నాటికే పోలేదు. నెమ్మదిగా పలచబడింది, కొంత అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో కుళాయి ఉంది. అయినా పప్పుకి ఎసరు పెట్టేముందు ఒక చెంబుడు నీళ్ళు తీసి పక్కన పెడతాను. ఎవరికండీ అత్తయ్యా అని కోడలు అడుగుతుంది. ఇంట్లో ఎవరికి మండుతోందో ఇంకా అడగలేదు కదమ్మా అంటాను.