చెప్పులు విడిచి, పేరు రాసి

మా కంప్యూటర్ సారు పోయారని పోయిన సోమవారం తూప్రాన్‌లో బస్సులో ఉండగా తెలిసింది. "సార్ చనిపోయిండే. పొద్దుగాల గుండె ఆగిందట" అంది ఫోన్‌లో నా క్లాస్‌మేట్. అక్కడే దిగి మెదక్ బస్సెక్కాను.

బస్టాండ్ వెనక మేడ మీద ఒక్క గది, అదే ఆయన ఇన్‌స్టిట్యూట్. తెలంగాణ సమ్మెలతో కాలేజీ మూతబడ్డ రోజుల్లో వెబ్ ప్రోగ్రామింగ్ అక్కడే నేర్చుకున్నాను. గడప బయట చెప్పులు విడవాలి. మేకుకు వేలాడే నోట్‌బుక్‌లో పేరు, టైం రాయాలి. పోయేటప్పుడు మళ్లీ టైం రాయాలి. ఫ్యాన్ బాగుచేసే ఆయనకూ, చివరికి సారుకూ అదే పద్ధతి.

ప్రోగ్రాములో డెకరేటర్ అంటే ఏమిటని అడిగితే ఆ నోట్‌బుక్కే చూపించారు. "నువ్వు లోపల కోడ్ రాస్తవ్, గాయన ఫ్యాన్ జేస్తడు. ఎవరి పని వాళ్లదే, దాన్ని ముట్టుకోం. ముంగట ఒక పని, ఎనక ఒక పని తొడుగుతం. కోడ్‌ల ఒక్కో పనిని ఫంక్షన్ అంటం, దాని నెత్తి మీద ఒక్క లైన్, గంతే."

అప్పుడు నేను రక్తదాతల వెబ్‌సైటు చేస్తున్నాను. బయటివాళ్లెవరికీ కనపడవని నేనిచ్చిన మాట నమ్మి, పన్నెండుమంది ఆడపిల్లలు ఫోన్ నంబర్లిచ్చారు. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పితే ఆ నంబర్ల పేజీ మూసేసే డెకరేటర్ రాసి గర్వంగా చూపించాను. సారు కావాలని తప్పు పాస్‌వర్డ్ కొడుతూ పోయారు. నాలుగు. తొమ్మిది. పదిహేను. పేజీ మూసుకోలేదు.

"గిట్ల పొద్దుమీకే దాక కొడితే ఎవనికన్న పాస్‌వర్డ్ దొరుకుతది గద! ఆ పిల్లలకు ఏం జెప్తవ్?"

"ఎందుకు మూయలే సార్?"

"నన్నెందుకు అడుగుతవ్? దాన్నే అడుగు."

అది ఆయన రోజూ అనే మాట. అనుమానమున్న చోట ప్రింట్ అనే లైను పెట్టి, లోపలి లెక్క ఎంతుందో తెర మీద చూడమని అర్థం. పెట్టాను. ఒకటి, ఒకటి, ఒకటి. డెకరేటర్‌లో ఒక ఫంక్షన్ లోపల ఇంకొకటి ఉంటుంది: బయటిది మొదట్లో ఒక్కసారే నడుస్తుంది, లోపలిది పాస్‌వర్డ్ కొట్టినప్పుడల్లా. తప్పుల లెక్కను సున్నాతో మొదలుపెట్టే లైను లోపలి ఫంక్షన్‌లో రాశాను. పిలిచిన ప్రతిసారీ ఆ లెక్క కొత్తగా పుట్టి, పని కాగానే పోతోంది. దాన్ని బయటి ఫంక్షన్‌లోకి జరిపి, ఈ లెక్క బయటిదేనని లోపల ఒక లైనులో చెప్పాను. ఒకటి, రెండు, మూడు. పేజీ మూసుకుంది. సరైన పాస్‌వర్డ్ కొట్టినా నన్ను కూడా రానివ్వనంతగా! సారు పడీపడీ నవ్వారు.

నాకు ఇంకో అనుమానం. "సార్, బయటి ఫంక్షన్ పనైపోయి ఎల్లిపోయింది గదా. లోపలిదానికి ఆ లెక్క ఎట్ల యాదికుంటది?"

"పోయేటప్పుడు దాని చేతుల పెట్టి పోతది. లోపలిది ఉన్నన్ని రోజులు అది ఉంటది. నమ్మకుంటే దాన్నే అడుగు."

అంత్యక్రియలయ్యాక మర్నాడు ఆ మేడ ఎక్కాను. ఏడాది కిందటే సారు ఖాళీ చేసిన ఆ గది ఇప్పుడు మొబైల్ దుకాణం. నోట్‌బుక్ లేదు, మేకుంది.

"చెప్పులేసుకొనే రాండ్రి అక్కా, ఏం గాదు" అన్నాడు దుకాణమాయన.

కిందికి చూసుకున్నాను. గడప బయట నా చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. నా చెయ్యి బ్యాగులో పెన్ను వెతుకుతోంది.