ఏకాదశి శ్రీఖండ్‌కు కట్టిన కొత్త బట్ట

1956 ఆషాఢ మాసం. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి ముందుగదిలో నేను పెరుగు దుకాణం తెరిచి అప్పటికి నాలుగు నెలలు. మా గల్లీ అంతా తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్ళమే. మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీల చేట ముందు. పెళ్ళయిన కొత్తలో నేనూ బీడీలే చుట్టాను కానీ పొగాకు ఘాటుకు దగ్గు పట్టుకుని వదల్లేదు. రెండు బర్రెలను నమ్ముకుని దుకాణం పెట్టాను. మా అత్తకు అది నచ్చలేదు. నా బీడీల చేటను అటక మీద పెట్టనివ్వకుండా గుమ్మం పక్కనే గోడకు ఆనించి ఉంచింది. దసరా దాకా చూస్తానని, అప్పటికీ దుకాణం నిలబడకపోతే నోరు మూసుకుని ఆ చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకోవాలని తేల్చి చెప్పింది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ చేట నా కాలికి తగులుతూనే ఉండేది.

అలాంటి రోజుల్లో రాజవ్వ మా దుకాణం మెట్టెక్కింది. ఆమె మా గల్లీ భజన మండలికి పెద్దదిక్కు. నూలు కండెలు చుట్టి చుట్టి వేళ్ళు వంకర తిరిగిన మనిషి. ఏటా ఆషాఢంలో పండరిపురం దాకా నడిచి వెళ్ళి ఏకాదశి దర్శనం చేసుకుని వచ్చేది. ఆ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. ఆమెలాగే నడవలేక ఆగిపోయిన ముసలమ్మలు ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. పోలేకపోయినా గల్లీలోనే భజన పెట్టుకుందామని, సాయంత్రం ఉపవాసం ఉన్న నలభై మందికి ఫలహారం పెడదామని వాళ్ళు అనుకున్నారు.

"సాబుదాణా తిని తిని నోరు చచ్చింది బిడ్డా. సల్లగ, కడుపుల తేలికగ ఉండేటిది ఏమన్న చేస్తవా?" అని అడిగింది రాజవ్వ. ఉపవాసమంటే అందరిళ్ళలో ఆ సగ్గుబియ్యమే మరి.

"పండ్లు ఏసి శ్రీఖండ్ చేస్త అవ్వా" అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

నిజానికి అప్పటికి నేను పండ్ల శ్రీఖండ్ ఎప్పుడూ చేయలేదు! మామూలు శ్రీఖండ్ వచ్చు. గట్టి పెరుగును బట్టలో మూటకట్టి వేలాడదీస్తే నీళ్ళన్నీ కారిపోయి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. దాన్నే చక్కా అంటారు. అందులో చక్కెర పొడి, ఏలకులు కలిపి పలుచని బట్టలోంచి వత్తి తీస్తే శ్రీఖండ్. పొయ్యి వెలిగించే పనే లేదు. మరి పండ్లు ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి? కొంతం చౌక్ బజారు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళి దానిమ్మలు, అరటిపండ్లు, ఆ ఏటికి ఆఖరి మామిడిపండ్లు తెచ్చాను. చిన్న గిన్నెలో చేసి చూశాను. అరటిముక్కలు నల్లబడ్డాయి. మామిడి నీళ్ళొదిలి మొత్తం జారుగా అయింది. దానిమ్మ గింజలు మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో లెక్క తెలిసింది. దానిమ్మ ముందే కలపాలి, మామిడి, అరటి వడ్డించే నిమిషంలో పైన వేయాలి. ఆ సంగతి తెలిశాక నా కాలు ఒకచోట నిలవలేదు. బర్రెలకు కూడా చెప్పాననుకుంటాను.

ఇక బట్ట సంగతి. రోజూ పెరుగు వడకట్టడానికి ఒక పాత ధోవతి ముక్క వాడేదాన్ని. ఏకాదశి ఫలహారానికి ఆ పాతగుడ్డ ఏం బాగుంటుందని నా మనసు ఒప్పుకోలేదు. ఆ మాట మా ఆయనతో అంటే, తన పని అయ్యాక విడిగా కూర్చుని పలుచటి తెల్లబట్ట నాలుగు గజాలు నేశాడు. మగ్గం మీద నుంచి కోసి తెచ్చి నా చేతిలో పెడుతూ అన్నాడు, "దేవుని పని గద. ఎవ్వలు కట్టని, ఎవ్వలు ఉతకని బట్ట ఉండాలె."

అంత సంబరంగా నాకు ఆయన పెళ్ళిచీర కూడా ఇవ్వలేదు. ఉతికితే కొత్తదనం పోతుందని ఆ బట్టను నీళ్ళలో ఒకసారి ముంచి పిండానంతే. దశమి పొద్దున పన్నెండు శేర్ల పెరుగు నాలుగు మూటలు కట్టి దూలానికి వేలాడదీశాను. కింద నాలుగు గిన్నెలు పెట్టుకుని, ఎప్పుడు నిండుతాయా అని చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నమైనా గిన్నెల అడుగు తడిసిందంతే. నేత చిక్కగా పడిందేమో అనుకుని మూటలు దించి, రాతిబరువు పెట్టాను. అప్పుడు కారిన నీళ్ళు తేటగా లేవు. పాలరంగులో, వేళ్ళకు జిగటగా తగిలాయి. పెరుగు చెడిందా అని నాలుక మీద వేసుకుని చూశాను. పుల్లదనం బాగానే ఉంది, కానీ వెనకాల ఏదో చప్పటి రుచి. ఎప్పుడో తిన్న రుచే, ఏమిటో మాత్రం తట్టలేదు.

సరిగ్గా అప్పుడే పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని రాజవ్వ వచ్చింది. మూట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. మళ్ళీ నలిపింది.

"ఈ బట్ట మగ్గం దిగి ఎన్ని దినాలైంది?"

"నిన్ననే అవ్వా. మా ఆయన ఏకాదశి కోసమనే నేసిండు."

"గంజి తీసినవా?"

మూట అంచు పట్టుకుని నేనూ నలిపి చూశాను.

"బియ్యపు గంజి గద నర్సమ్మా. రేపు మా అందరి నోట్లె అన్నం పెడుతుంటివి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. నూలు తెగకుండా మగ్గం ఎక్కే ముందు పోగులకు గంజి పట్టిస్తారు. అది మా గల్లీలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. కానీ నూలంటేనే గంజి పెట్టిన నూలు మాకు. అది బియ్యమని, ఏకాదశి నాడు ముట్టకూడని అన్నమని ఏ రోజూ తట్టలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఏకాదశి కూడా తప్పని మనిషి రాజవ్వ. దర్శనానికి పోలేకపోయిన ఏడు ఆమెకు మిగిలింది ఆ ఉపవాసం ఒక్కటే. దాన్ని నేను నా చేతులతో చెడగొట్టబోయాను. తల కొట్టేసినట్టయింది. గుమ్మంలో నిలబడి మా అత్త అంతా విన్నది. ఒకసారి చేట వైపు చూసింది, అంతే.

ఏడవడానికి కూడా తీరికలేదు. ఆ పెరుగు పారబోయలేదు. ఆ రోజు దశమే కాబట్టి, చక్కెర కలిపి, పక్కిళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరినీ పిలిచి పెట్టేశాను. పలుచగానే ఉన్నా గిన్నెలు నాకి మరీ ఇచ్చారు. మా అత్త కూడా ఒక గిన్నె తిన్నది. తిని, గిన్నె మళ్ళీ చాపింది! అది చూసి నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. పాలమ్మే గౌళీల ఇంటికి పోయి బతిమాలి సాయంత్రం పాలు మాట్లాడుకున్నాను. రాత్రి తోడుపెడితే పొద్దుటికి పెరుగు సిద్ధం.

మా ఆయన వచ్చి బట్ట పట్టుకుని చూసి చిన్నబోయాడు. "రోజూ గంజిల చేతులు పెడతనే ఉంట. నాకే యాదికి రాలే" అన్నాడు. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే.

ఇప్పుడు బట్ట ఎక్కడిది? నా పాత ధోవతి ముక్క ఒక్క మూటకు మించి సరిపోదు. గల్లీ నిండా థాన్ల కొద్దీ బట్ట ఉంది, అంతా గంజి బట్టే. అప్పుడు రాజవ్వ తన ఇంటికి వెళ్ళి, మరో ముగ్గురు ముసలమ్మలను వెంటబెట్టుకుని వచ్చింది. తలా ఒక బట్ట తెచ్చారు. పండరిపురం నడిచేటప్పుడు రొట్టెలు మూటకట్టుకునే బట్టలవి. ఏటా అక్కడి చంద్రభాగ నదిలో తడిసి, ఎండి, ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలో మడతపడి ఉండేవి. రాజవ్వ బట్టకు ఇరవై ఏళ్ళట. చేతిలోకి తీసుకుంటే మీగడ పట్టుకున్నట్టు ఉంది. ఆ ఏడు వాటికీ పని లేకుండా పోయింది మరి. వాటిని వేడినీళ్ళలో మరిగించి ఆరేశాం. నీళ్ళ బిందెలన్నీ మా ఆయనే మోశాడు.

ఏకాదశి పొద్దున మూటలు కట్టి ఇలా వేలాడదీశానో లేదో నీళ్ళు ధారగా కారాయి! తేటగా, లేత పచ్చగా. నేను గట్టిగా నవ్వేశాను. మధ్యాహ్నం మూడింటికల్లా చక్కా చాకుతో కోసేంత గట్టిగా వచ్చింది. చక్కెర, ఏలకులు వేసి వత్తి తీశాను, దానిమ్మ గింజలు కలిపాను. భజన చివరి అభంగం అందుకోగానే మామిడి, అరటి తరగడం మొదలుపెట్టాను.

మొదటి గిన్నె రాజవ్వకు ఇచ్చాను. ఆమె తినేదాకా అక్కడే నిలబడ్డాను. సగం తిని ఆగి, పక్కనున్న ముసలమ్మతో అన్నది, "మన మూటలకు ఈ ఏడు గూడ ఏకాదశి తప్పలేదే." ఇద్దరూ కళ్ళొత్తుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రతి ఏకాదశికీ ఫలహారం మా దుకాణం నుంచే వెళ్ళింది. ఆ రాత్రి నేను గిన్నెలు కడిగి లోపలికి వచ్చేసరికి గుమ్మం పక్కన చేట లేదు. అటక మీదికి చేరింది. ఎవరు పెట్టారని నేనూ అడగలేదు, మా అత్తా చెప్పలేదు.

కొత్తదైతే చాలు శుద్ధమైపోతుందని ఆ రోజు దాకా అనుకున్నాను. ఆ తర్వాత నా దుకాణంలో ఏ బట్టా నలిపి చూడకుండా పెరుగుకు కట్టలేదు. పనికి వచ్చిన ప్రతి అమ్మాయికీ మొదట నేర్పింది అదే.

ఏకాదశి మర్నాడు రాజవ్వ రొట్టెల బట్ట ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. వచ్చే ఏడు యాత్రకు కావాలి కదా అని నేను అంటే, తన మోకాళ్ళ వైపు చూసి నవ్వింది.

"నీ తాననే ఉండనియ్ బిడ్డా" అన్నది. నేను గడప దాటుతుండగా వెనక నుంచి పిలిచి ఇంకోమాట చెప్పింది.

"గంజి మాత్రం పెట్టకు."