వీరబ్రహ్మం గారి మూలల కూజా

వీరబ్రహ్మం గారి అరవై రెండేళ్లలో నలభై అయిదేళ్లు గుండ్రంగానే గడిచాయి. బిందె, చెంబు, గంగాళం, ఏదైనా సరే, రాజమండ్రిలోని ఆయన షెడ్డులో సుత్తి కింద పడిన ఇత్తడి రేకు కడుపు పెంచుకునే పైకి లేస్తుంది. చేసిన ప్రతి వస్తువూ ముందు భార్య సత్యకుమారి చేతికి వెళ్లాలి. ఆమె చింతపండుతో తోమి చూస్తుంది. బొటనవేలు చేరని చోటుంటే వెనక్కి ఇచ్చేస్తుంది.

ఆరు నెలలుగా పాత బిందెలకు మాట్లు వేయడం తప్ప పని లేదు. షెడ్డు మూసేద్దామని దంపతులు అనుకుంటూ ఉండగా, కడియంలో నర్సరీ నడిపే హేమశ్రీ వచ్చి ఫోనులో ఒక పూలకూజా బొమ్మ చూపించింది. ఒంపన్నదే లేదు. త్రికోణాలూ చతురస్రాలూ పలకలు పలకలుగా అతికినట్టుంది.

"ఇదేం కూజా అమ్మా? పడిపోయి నలిగినట్టుంది," అన్నారాయన.

"ఇప్పుడు ఇవే అడుగుతున్నారండి. అంచులు మాత్రం కత్తిలా ఉండాలి బాబాయ్ గారూ. ఇది నచ్చితే ఇంకో పాతిక చేయిస్తాను."

పాతిక కూజాలంటే షెడ్డు నిలబడినట్టే. పది రోజులు కష్టపడ్డారు. తీరా హేమశ్రీ వచ్చి కూజాను అటూ ఇటూ తిప్పి, మొహమాటంగా నవ్వింది.

"త్రికోణాలన్నీ సమోసాల్లా ఉబ్బిపోయాయండి."

నిజమే. ఆయనకు తెలియకుండానే చెయ్యి ప్రతి మూలనూ మెత్తబరిచేసింది.

"అంతా నీవల్లే!" అని ఆయన భార్య మీద విరుచుకుపడ్డారు. "మూల కనిపిస్తే చాలు, నీ బొటనవేలే గుర్తొస్తుంది."

"రాదా మరి? లోపల పాకుడు పడితే కడిగేదెవరు, మీరా?" అంది సత్యకుమారి.

హేమశ్రీ నాలుగు రోజులు గడువిచ్చింది. అప్పటికీ కుదరకపోతే వేరేచోట చూసుకుంటానని మర్యాదగానే చెప్పింది.

ఆ రోజంతా ఆయన సుత్తి ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే రేకులను సూటిగా కోసి, బయటి అంచులు పదునుగా నిలిచేలా అతికారు. లోపలి అతుకుల్లో మాత్రం టంకం దండిగా పోసి, వేలు జారేలా నున్నగా అరగదీశారు.

నాలుగో రోజు ఇద్దరాడవాళ్లూ కూజాకు చెరోవైపు కూర్చున్నారు. సత్యకుమారి లోపల వేలు తిప్పి బాగుందన్నట్టు తలాడించింది. హేమశ్రీ బయట అంచు తడిమి చటుక్కున చెయ్యి తీసేసింది.

"అమ్మో! కోసుకుపోయేలా ఉందండీ."

"మీరే కదమ్మా కత్తిలా అన్నారు?"

"కాస్త, ఒక్క వెంట్రుకవాసి తగ్గించండి. మిగతా పాతికా ఇలాగే."

ఆయన ఆకురాయితో నాలుగు రాపిళ్లు రాసి కూజా ఇచ్చేశారు. హేమశ్రీ కారు సందు దాటకముందే కొత్త రేకు పరిచి గీతలు గీయడం మొదలుపెట్టారు.

"అన్నం చల్లారిపోతోందండీ!" లోపలినుంచి కేక.

"ఒక్క పలక కోసి వస్తానే."

ఆరు పలకలయ్యాక సత్యకుమారే కంచం తెచ్చి, గీతలు చెరగకుండా రేకు చివర పెట్టింది.