పగిలిన జాడీకి గట్టి ప్యాకింగ్

ఆవకాయ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన పింగాణీ జాడీ నిన్న ముక్కలై వచ్చింది. అంత బరువు జాడీకి ఒక్క పేపర్ చుట్టి, పల్చటి కవర్లో వేసి పంపారు. రిటర్న్ పెడితే, ముక్కలు వెనక్కి ఇస్తేనే డబ్బులన్నారు.

ఈ రోజు తీసుకెళ్లే మనిషి వచ్చాడు. మా ఆయన ఇంట్లో లేరు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. తలుపు చాటు నుంచే అదే కవర్ అందించాను. అతను ఊపి చూశాడు.

"గిట్ల తీస్కపోనక్కా. డబ్బాల పెట్టి మంచిగ ప్యాక్ చేసియ్యి. లేకుంటే తొవ్వల పగుల్తది."

నోరు దానంతట అదే తెరుచుకుంది. "పగిలిందే కదన్నా, ఇంకేం పగుల్తది?"

"అది నాకెర్కలే. ప్యాకింగ్ లూజుంటే రిటర్న్ క్యాన్సల్. పైసలు రావు."

ఒళ్లు మండింది. అయినా మిక్సీ అట్టపెట్టె ఖాళీ చేసి, పెంకులను పాత తువ్వాలులో చుట్టి, టేపు వేసి ఇచ్చాను. ఫోటో తీసుకుని, "సూపర్ ప్యాకింగ్ అక్కా" అని మెచ్చుకున్నాడు. కాసేపటికి డబ్బులు వాపసు వేస్తున్నామని మెసేజ్ వచ్చింది. నాకు మాత్రం సంతోషం లేదు, ఛీ అనిపించింది.

మంచి జాడీకేమో పేపరు, పెంకులకేమో డబ్బా, తువ్వాలు! మా ఆయనకు చెప్తే పడీపడీ నవ్వుతున్నారు. నవ్వకుండా నాతో కలిసి తిట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?